కొద్దిగ గరం అనిపిస్తది

మా మామయ్యతో వచ్చిన చిక్కల్లా ఒక్కటే. ఆయనకు తెలియనిది లేదు.

బేగంబజార్‌లో నలభై రెండేళ్లుగా స్టీలు సామాన్ల దుకాణం నడుపుతున్న మనిషి. గిన్నెను వేలితో ఒక్కసారి కొట్టి, ఆ చప్పుడు విని, రేకు మందమెంతో చెప్పేస్తారు. అంతవరకు మాకూ అభ్యంతరం లేదు. కానీ వానలనూ, ఎలక్షన్లనూ, నా పప్పుచారునూ కూడా ఆయన ఆ వేలితోనే కొట్టి తీర్పు చెప్పేస్తారు. ఎవరైనా ఏదైనా వివరించబోతే అరచెయ్యి ఎత్తి, “నాకు తెల్వదా?” అంటారు. గోడగడియారం మా ఇంట్లో గంటకోసారి కొడుతుంది. ఈ మాట అరగంటకోసారి వినిపిస్తుంది.

నేను లాల్‌దర్వాజాకు కోడలిగా వచ్చి పద్దెనిమిదేళ్లు. “తప్పు నాదే” అని మామయ్య పురుషోత్తం గారి నోట ఒక్కసారీ వినలేదు. మా అత్తమ్మ నాగమణమ్మ నలభై నాలుగేళ్లుగా వినలేదు. నాకంటే సీనియర్ కాబట్టి ఆమె ముందు నేను ఫిర్యాదు చేయకూడదు.

మొన్నటి ఆషాఢం ముందర ఆయనకు నడుం నొప్పి పట్టుకుంది. నెల రోజులు జండూబాము రాసుకుని “నాకు తెల్వదా, గాలి పట్టింది” అన్నారు. చివరికి మావారు నగేష్ బలవంతంగా డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, కడుపు స్కానింగులో ఎడమ కిడ్నీ మీద రూపాయి బిళ్లంత మచ్చ కనిపించింది.

“ఉత్త నీటితిత్తి కావచ్చు, కాకపోవచ్చు. మందు ఎక్కించి సీటీ స్కాన్ తీస్తే తేలిపోతుంది” అన్నాడు డాక్టరు.

ఆ “కాకపోవచ్చు” మాతోపాటే ఆటో ఎక్కి ఇంటికొచ్చి కూర్చుంది. నగేష్ ఫోనులో ఏవేవో చదివి అన్నం మానేశాడు. మామయ్య మాత్రం మామూలుగా దుకాణానికి వెళ్లొచ్చి, షుగర్ ఉన్న మనిషి టీలో రెండో చెంచా చక్కెర వేసుకున్నారు. అత్తమ్మ చూసింది. చూసి కూడా ఏమీ అనలేదు. ఆమె ఎంత భయపడిందో నాకు అప్పుడు అర్థమైంది.

*

స్కానింగ్ సెంటరు ఆటోలో పది నిమిషాల దూరం. ముందురోజే రక్తపరీక్ష అయింది, కిడ్నీలు ఈ మందును తట్టుకుంటాయా లేదా అని. స్కానుకు నాలుగు గంటల ముందు నుంచి ఏమీ తినొద్దన్నారు, మంచినీళ్లు తాగొచ్చన్నారు. అత్తమ్మకు “మందు ఎక్కిస్తరు” అన్న మాట నచ్చలేదు. మందంటే వేడి. అందుకని రెండు రోజులుగా ఆయనకు సబ్జా నీళ్లూ బార్లీ నీళ్లూ పట్టించింది. ఆ పొద్దున చెంబెడు మంచినీళ్లు కూడా తాగించింది. మామయ్య లోపల చల్లబడ్డారో లేదో తెలియదు కానీ నిండుకుండలా ఉన్నారు.

కౌంటర్లో ఒక కాగితం ఇచ్చారు, ఒకవైపు తెలుగు, ఒకవైపు ఉర్దూ. ‘సీటీ స్కాన్‌కు వచ్చేవారు తెలుసుకోవలసినవి’ అని పైన రాసి ఉంది. నేను చెయ్యి చాపేలోగా మామయ్య దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

“చదువుదాం మామయ్యా.”

“నాకు తెల్వదా?”

స్కాన్ తీసే అమ్మాయి పేరు స్వీటీ. పాతికేళ్లుంటాయి, మెడలో చిన్న సిలువ, చేతిలో పెన్ను. ప్రశ్నలు అడిగింది.

“తాతా, ఇంతకుముందు ఏ మందన్న పడకుండ ఒంటికి దద్దులు గిట్ల వచ్చినయా? ఆయాసం ఉన్నదా?”

“లేదు.”

“షుగర్ గోలీలు?”

“లేవు.”

“ఉన్నయి,” అన్నాను నేను. “పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. డాక్టర్ గారు రెండు రోజులు ఆపమంటే ఆపినం.”

మామయ్య నా వైపు ఒక చూపు చూశారు. గిరాకీ ముందు దుకాణం గుట్టు బయటపెట్టిన గుమాస్తాను చూసే చూపు అది.

“ఒంటి మీద లోహం ఏమన్న ఉంటె తియ్యాలె తాతా. ధోతికి జిప్పు, బటన్లు లెవ్వు గద, అది ఉండనియ్యి. మొలతాడు తియ్యి.”

అక్కడ అత్తమ్మ లేచి నిలబడింది. మామయ్యది వెండి మొలతాడు. పెళ్లినాడు వాళ్ల అమ్మ కట్టింది. ఆ తర్వాత అది ఆయన నడుం విడిచింది లేదు.

“మొలతాడు తీసుడేంది బిడ్డా? మొగోని మొల ఉత్తగ ఉండొచ్చునా?”

“అమ్మమ్మా, వెండి ఉంటె ఫోటోల చారలు చారలు పడతది. కిడ్నీ కనపడది. మల్ల తియ్యాల్సొస్తది.”

పెద్ద చర్చే జరిగింది. చివరికి మామయ్య తెర వెనక్కి వెళ్లి మొలతాడు తీసి స్వీటీ చేతికిచ్చారు, రాజ్యం అప్పగిస్తున్న నిజాములా. చేతికి సూది పెట్టేటప్పుడు స్వీటీ మళ్లీ మొదలుపెట్టింది. “తాతా, మందు ఎక్కేటప్పుడు కొద్దిగ గరం అనిపిస్తది...”

అరచెయ్యి లేచింది. “నాకు తెల్వదా? నువ్వు నడువు.”

లోపల ఏసీ చల్లగా ఉంటుంది కదా, గరం అయితే మంచిదే అనుకున్నారట. ఆ సంగతి తర్వాత తెలిసింది.

తలుపు మూసుకుంది. అయిదు నిమిషాలు గడిచాయో లేదో లోపల్నుంచి కేక. “ఆపు! బంద్ చెయ్యి! దర్వాజ తియ్యి!” మైకులో స్వీటీ గొంతు, “తాతా, కదలకు, కదలకు!” అని.

మామయ్య బయటికొచ్చారు. మొహం ఎర్రగా ఉంది. చేతిసంచిని రెండు చేతులతో ధోతి ముందు పట్టుకుని, గోడ వెంట పక్కగా నడుస్తున్నారు. వెనక స్వీటీ పరుగెత్తుకొచ్చింది. సూది తీయించుకోవడానికి ఒక్క నిమిషం నిలబడ్డారు. “మందు పడిందో లేదో చూడాలె, అరగంట ఉండాలె తాతా” అని ఆ పిల్ల అంటే, ఆ అరగంటా గోడవైపు తిరిగి నిలబడే ఉన్నారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

“ఏమైంది మామయ్యా?”

“మిషన్ ఖరాబున్నది.”

ఇంటికి వచ్చేటప్పుడు ఆటో సీటు మీద పేపరు పరుచుకుని దాని మీద కూర్చున్నారు. దిగాక ఆ పేపరు నేనే తీశాను. ఇల్లు చేరగానే సరాసరి నీళ్లగదిలోకి వెళ్లి గడియ పెట్టుకున్నారు. కాసేపటికి లోపల బట్టలు బాదుతున్న చప్పుడు. నేనూ అత్తమ్మా మొహమొహాలు చూసుకున్నాం. నలభై నాలుగేళ్లలో చేతిరుమాలు కూడా ఉతికి ఎరగని మనిషి, ధోతి ఉతికి, డాబా మీద ఆరేసి, ఏమీ జరగనట్టు దుకాణానికి వెళ్లిపోయారు.

*

ఆ తర్వాత వారం రోజులు స్కాన్ మాట ఎత్తితే లొల్లే.

“ఫోటోలు సక్కగ రాలేదంట బాపూ, మల్ల తియ్యాలె,” అనేవాడు నగేష్.

“నేను పోను.”

“ఎందుకు పోవు?”

“ఖరాబున్న మిషన్‌ల పండుమంటవా? నాకు తెల్వదా?”

బయట ఆషాఢం జోరు మీదుంది. మా గల్లీలో రంగు కాగితాల తోరణాలు కట్టారు, సందు మొదట్లో మైకు పెట్టారు. ఏటా ఈపాటికి అత్తమ్మ అమ్మవారి బోనానికి కుండ కొని, సున్నం బొట్లు పెట్టి, వేపకొమ్మలు ఎవరింటి చెట్టు నుంచి తేవాలో నాకు ఆజ్ఞలు జారీ చేస్తూ ఉండాలి. ఈసారి కుండే కొనలేదు.

“ఆయన కడుపుల ఏమున్నదో తెల్వకుండ నేను తల మీద బోనం ఎట్ల ఎత్తుకోవాలె లావణ్యా?” అంది ఒకరోజు, బియ్యంలో లేని రాళ్లు ఏరుతూ.

నాకూ లోపల దిగులుగానే ఉంది. కానీ దిగులుతో పాటు ఒక అనుమానం కూడా తిరుగుతోంది. మిషన్ పాడైతే ధోతి ఎందుకు ఉతకాలి?

అంతలో ఇంకో సంగతి బయటపడింది. ఆ రోజు కంగారులో వెండి మొలతాడు సెంటర్లోనే మరిచి వచ్చారు. తెచ్చుకోమంటే ఆయన వెళ్లరు. నల్ల దారం కట్టుకుని తిరుగుతున్నారు. నేను వెళ్లాను.

స్వీటీ మొలతాడును కవర్లో పెట్టి, పైన పేరు రాసి, భద్రంగా దాచింది.

“ఆంటీ, తాత మంచిగున్నడా? నాకు మస్తు ఫికరయింది. గరం అయితదని చెప్పబోయిన, వినలే.”

“గరం అయితే అట్ల లేచి ఉరుకుతరా?”

స్వీటీ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. “గరం అంటె ఉత్త గరం కాదాంటీ. మందు ఎక్కంగనే గొంతుల నుంచి కిందికి సర్రుమని దిగుతది. నోట్లె ఇనుము నాకినట్టుంటది. ఇగ కిందికి దిగినంక... ఒంటికి పోస్కున్నట్టు అనిపిస్తది. ఉత్తగ అనిపిస్తది, గంతే. అర నిమిషంల పోతది. ముందుగాల చెప్తె ఎవ్వరు భయపడరు. చెప్పకుంటె పెద్దపెద్దోళ్లు గూడ ఆగమయితరు.”

నేను కుర్చీలో కూర్చుండిపోయాను. సంచి, గోడ వెంట నడక, ఆటోలో పేపరు, నీళ్లగది. పాపం, నిండుకుండ! రెండు రోజుల సబ్జా నీళ్లు! బేగంబజార్లో అందరూ సేట్ అని లేచి నిలబడే మనిషి, ఒక ఆడపిల్ల ముందు బల్ల మీద పడుకుని, అయిపోయింది నా ఇజ్జత్ అనుకున్నాడు. చూసుకోవడానికి కూడా సిగ్గుపడి పారిపోయి వచ్చాడు. ఆ పేపరు నా చేత్తో తీశాను. కొత్త నోటులా ఫెళఫెళలాడుతూ పొడిగా ఉంది.

ముందు నవ్వొచ్చింది. వెంటనే కళ్లలో నీళ్లు తిరిగాయి. మళ్లీ నవ్వొచ్చింది. స్వీటీ కూడా నవ్వింది.

“ఇంకో కాగితం కావాల్నా ఆంటీ?”

అక్కర్లేకపోయింది. ఇంటికొచ్చి వెతికితే మామయ్య జేబులోది దేవుడి గూట్లో దొరికింది. అత్తమ్మ దాన్ని కుంకుమ పొట్లం కట్టింది. విప్పి దులిపి చదివాను. అయిదో వరుసలో, ఎర్రటి మరక కింద, స్పష్టంగా ఉంది: ‘మూత్రం వచ్చినట్టు అనిపించవచ్చు. నిజంగా రాదు. కంగారు పడవద్దు.’

*

ఇప్పుడు ఈ మాట ఆయనకు ఎవరు చెప్పాలి? నేను చెబితే నాకు తెలిసిపోయిందని ఆయనకు తెలిసిపోతుంది. ఇక జన్మలో నా చేతి టీ తాగరు. నగేష్ చెబితే “నాకు తెల్వదా” అంటారు. అత్తమ్మకు చెబితే సాయంత్రానికల్లా మా గల్లీ అంతటికీ తెలుస్తుంది.

మర్నాడు పొద్దున మామయ్య ముందుగదిలో పేపరు చదువుతున్నారు. నేను వంటింట్లో ఫోను చెవిన పెట్టుకుని, ఆయనకు వినబడేట్టు గొంతు పెంచాను. అవతల ఎవరూ లేరు.

“నాన్నా, ఇప్పుడు చెప్తున్నవా? స్కాన్ తీసి రెండేండ్లాయె! అయ్యో, గంత సిగ్గెందుకు? మందు ఎక్కిస్తె అందరికి గట్లనె అనిపిస్తదట. ఒంటికి పోస్కున్నట్టు అనిపించుడే గాని పొయ్యరట. ధోతి పొడిగనె ఉంటదట నాన్నా!”

ముందుగదిలో పేపరు చప్పుడు ఆగిపోయింది.

మా నాన్న వైకుంఠం, దబీర్‌పురాలో ఉంటాడు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. రెండేళ్ల కింద ఆయనకు సీటీ స్కాన్ తీసిన మాట నిజం. మిగతాది నా కల్పన. కన్నతండ్రి పరువు వాడుకున్నానని కొంచెం బాధ కలిగింది కానీ, ఆయన చెవిన పడదులే అనుకున్నాను.

పావుగంట తర్వాత మామయ్య ఫోను పట్టుకుని డాబా మీదికి వెళ్లారు. ఆరేసిన బట్టలు తియ్యాలన్న సంగతి నాకు సరిగ్గా అప్పుడే గుర్తొచ్చింది. ఆయనకు చెవి మందం. ఫోను ఎప్పుడూ స్పీకర్‌లోనే.

“వైకుంఠం బావా, నేను పురుషోత్తం.”

దుప్పటి తీయబోయిన నేను దాని చాటునే ఆగాను.

“చెప్పు బావా, అందరు మంచిగున్నరా?”

“మంచిగనె ఉన్నం గని... నీకు స్కాన్‌ల... జెర గరం అయిందంట గద?”

అయిపోయింది, నా బండారం బయటపడింది అనుకుని దుప్పటి అంచు పట్టుకుని ఇంకా నక్కాను.

“నీకెవరు చెప్పిన్రు బావా?” అన్నాడు మా నాన్న, గొంతు తగ్గించి. “మా ఇంటామెకు గూడ చెప్పలే నేను!”

దుప్పటి నా చేతిలోంచి జారింది.

“ఎవరో చెప్పిన్రు తియ్యి. అయితె నిజమేనా?”

“నిజమేందంటవ్! ముప్పై రెండేండ్లు పచ్చజెండ ఊపిన మనిషిని. బల్ల మీద పండుకోని, నా నౌకరి ఇజ్జత్ అంత పాయె దేవుడా అనుకున్న. లేచి చూస్కుంటె ఒక్క చుక్క లేదు.”

“లేదా?”

“పొడి బావా, పొడి! నీకు గూడ అయిందా?”

“నేను... చూస్కోలే,” అన్నారు మామయ్య. “మొలతాడు తీసిన్రు బావా. అందుకే ఇట్లయిందనుకున్న. ధోతి తీసుకపోయి ఉతికిన.”

“పొడి ధోతి ఉతికినవా?”

ఫోనులో మా నాన్న నవ్వు, డాబా మీద మా మామయ్య నవ్వు. ఇద్దరు వియ్యంకులు పద్దెనిమిదేళ్లలో అలా నవ్వుకోవడం నేను వినలేదు. పెళ్లిలో కూడా మర్యాదల లెక్కలతో బిగుసుకుని కూర్చున్నవాళ్లే ఇద్దరూ. పక్క డాబా మీద పావురాలు లేచిపోయాయి.

నేను ఆరని బట్టలు కూడా తీసుకుని కిందికి దిగాను.

మధ్యాహ్నం అన్నం తింటూ మామయ్య ప్రకటించారు. “ఆ మిషన్ బాగయిందంట. పోదాం.”

బాగైందని ఎవరు చెప్పారని ఎవరూ అడగలేదు. నగేష్ నోరు తెరవబోతే బల్ల కింద కాలు తొక్కాను.

*

మందు ఒకసారి ఎక్కింది కాబట్టి కొన్నాళ్లు ఆగి, మళ్లీ రక్తపరీక్ష చేసి, మా బోనాల ఆదివారానికి ముందు శుక్రవారం రమ్మన్నారు. ఈసారి మామయ్య మొలతాడు తానే విప్పి అత్తమ్మ చేతికిచ్చారు. అత్తమ్మ కొంగున దాచి తెచ్చిన నల్ల దారం కట్టింది.

స్వీటీ మొదలుపెట్టింది. “తాతా, మందు ఎక్కేటప్పుడు...”

అరచెయ్యి అలవాటుగా లేచింది. సగం దాకా వెళ్లి, దారి మార్చుకుని, చెవి గోక్కుంది.

“చెప్పు బిడ్డా.”

స్వీటీ అంతా చెప్పింది. గరం సంగతి నేను వినకుండా ఆయన చెవిలో చెప్పింది, నాకేమీ తెలియదన్నట్టు నేను గోడ మీది క్యాలెండరు చదివాను. ఆ మిషన్ సొరంగం కాదనీ, చేతిగాజులాంటి పెద్ద చక్రమనీ, అందులోంచి బల్ల వెనక్కీ ముందుకీ జరుగుతుందనీ, ఊపిరి బిగబట్టమంటే బిగబట్టి కదలకుండా ఉంటే చాలనీ చెప్పింది. గొంతులో దురద గానీ, ఊపిరాడనట్టు గానీ ఉంటే మాత్రం వెంటనే పిలవాలంది.

అంతా విని అత్తమ్మ ముందుకొచ్చింది. “బిడ్డా, ఇంత దూరం వచ్చినం. నాది గూడ ఒకటి తియ్యరాదు?”

“నీకేమైంది అమ్మమ్మా?”

“ఏం కాలే. అయితదేమోనని.”

“ఉత్తగనె తియ్యొద్దు అమ్మమ్మా. ఇందుల రేడియేషన్ ఉంటది. డాక్టర్ రాసిస్తెనె, అవసరం ఉంటెనె.”

అత్తమ్మ కొంచెం చిన్నబుచ్చుకుంది. ఇరవై నిమిషాల్లో మామయ్య బయటికొచ్చారు. చేతిసంచి భుజానికి ఉంది, నడక గది మధ్యలోంచి ఉంది.

“ఎట్లుండె?” అంది అత్తమ్మ.

“కొద్దిగ గరం అనిపిస్తది,” అన్నారు, ఆ సంగతి లోకంలో తానే మొదట కనిపెట్టినట్టు. అరగంట కుర్చీలో దర్జాగా కూర్చుని, స్వీటీ తాగమన్నన్ని నీళ్లు తాగారు.

శనివారం నలుగురమూ వెళ్లాం. డాక్టరు గది ఆ సెంటరు మేడమీదే. ఫిలిమును వెలుగుకు పెట్టి చూసినంతసేపు అత్తమ్మ నా మణికట్టు వదల్లేదు. గాజులు నొక్కుకుపోయాయి.

“ఉత్త నీటితిత్తే,” అన్నాడు డాక్టరు. “దీనికి మందు కూడా అక్కర్లేదు. నడుం నొప్పి బస్తాలు ఎత్తడం వల్ల. అది మానెయ్యండి.”

నగేష్ కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. మామయ్య గొంతు సవరించుకున్నారు. అత్తమ్మ నా చెయ్యి వదిలి, గట్టిగా ఊపిరి తీసుకుని, మూడు వారాల తర్వాత మొదటిసారి తన సొంత గొంతుతో మాట్లాడింది.

“రేపటిసంది నీ టీల చక్కెర బంద్. నాకు కనపడ్తలేదనుకున్నవా? నగేషూ, పోయేటప్పుడు కుండ కొనాలె, ఆపు ఆటో.”

ఆటో ఇంకా ఎక్కనే లేదు.

మెట్లు దిగి హాల్లోకి వచ్చేసరికి స్వీటీ ఇంకొకరి దగ్గర నిలబడి ఉంది. తెల్లగడ్డం, జాలీ టోపీ, చేతిలో కర్ర. పక్కన ఆయన కోడలు కాబోలు, మొహం అచ్చం నా మొహంలాగే ఉంది.

“బాబా, దవా చఢాతే వఖత్ థోడా గరం లగ్‌తా...”

పెద్దాయన అరచెయ్యి ఎత్తాడు. “మాలూమ్ హై బేటీ, ముఝే సబ్ మాలూమ్ హై.” మా ఇంటి ‘నాకు తెల్వదా’కు ఉర్దూ అనువాదం.

మామయ్య ఆగిపోయారు. ఆ చేతిని చాలాసేపు చూశారు. తర్వాత వెళ్లి ఆయన పక్క కుర్చీలో కూర్చున్నారు.

“భాయ్‌సాబ్, మై భీ యహీచ్ బోలా థా,” అన్నారు, హాలంతా వినబడేట్టు. చెవి మందం మనిషికి మెల్లగా మాట్లాడటం రాదు. “బచ్చీ కీ బాత్ సునో. మై నై సునా. గల్తీ మేరీచ్ థీ.”

పిల్ల మాట తాను వినలేదని ఒప్పుకున్న ఆ గొంతుకు హాల్లో అందరూ ఇటు తిరిగారు. పెద్దాయన చెయ్యి నెమ్మదిగా దిగింది. “అచ్ఛా? తో బోలో బేటీ,” అన్నాడు స్వీటీతో. కోడలు నన్ను చూసి, బురఖా అంచు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

మామయ్య లేచి తిరిగేసరికి ఎదురుగా అత్తమ్మ.

“ఏమన్నవ్?”

“ఏం లేదు. ఆ భాయ్‌కి చెప్తున్న.”

“ఉర్దూల చెప్పినవ్. నాకు సమజ్ కాలే.”

మా అత్తమ్మ పుట్టి పెరిగింది పాతబస్తీలోనే. గాజులాయనతో ఉర్దూలో బేరమాడి ఆయన్నే ఏడిపించి పంపే మనిషి.

“తెలుగుల చెప్పు,” అంది, చేతులు కట్టుకుని.

మామయ్య నగేష్ వైపు చూశారు. నగేష్ ఫోను చూసుకుంటున్నాడు. నా వైపు చూశారు. నేను ఫిలిము కవరు మీది అక్షరాలు చదువుకుంటున్నాను. స్వీటీ వైపు చూశారు. ఆ పిల్ల పెన్ను మూత పెట్టి వినడానికి నిలబడింది.

“తప్పు నాదే ఉండె, నాగమణీ,” అన్నారు. “నాకు తెల్వకుండె.”